గేటు దగ్గర పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని క్యాంపు టీచరమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. తేలిక. నా గురించి ఒక సంగతి తెలిసిన మనిషి, ఆ సంగతిని పన్నెండేళ్ళు ఎవరికీ చెప్పకుండా దాచిన మనిషి, ఇక లేదు. ఫోన్ పెట్టేశాక ఆ తేలికకు నాకే సిగ్గేసింది. లోపలికి వెళ్ళి మా అమ్మాయి రమ్యకు చెప్పాను. "వెళ్దాం," అంది.

ఆమె అసలు పేరు నాకు తెలియదు. పిల్లలకు పెద్దమ్మ, కాబట్టి టీచరమ్మకూ, వంటవాళ్ళకూ, తల్లిదండ్రులకూ పెద్దమ్మే. ఊరు అత్వెల్లి. అంతకు మించి తెలుసుకోవాలని నేను ప్రయత్నించలేదు. నిజం చెప్పాలంటే, ఆమె నా గురించి తెలుసుకున్నది చాలనిపించి, ఆమె గురించి అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు.

శామీర్‌పేట దాటాక, రోడ్డు మీంచి మట్టిదారిలో కొంత దూరం లోపలికి వెళ్తే ఒక మామిడితోట ఉండేది. ప్రతి డిసెంబర్లో ఆరు రోజులు అక్కడ పిల్లల క్యాంపు జరిగేది. చూపు లేని పిల్లలు, చెవులు వినపడని పిల్లలు, మా రమ్యలా కాళ్ళూ చేతులూ చెప్పినట్టు వినని పిల్లలు, ముప్పై మంది దాకా వచ్చేవారు. చెట్ల కింద గుడారాలు, టైరు ఊయలలు, తాళ్ళ నిచ్చెనలు, మట్టిలో ఆటలు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ, ఆమెతో చర్చికి వెళ్ళే స్నేహితులు కలిసి నడిపేవారు. అమ్మానాన్నలు గేటు దగ్గర దించి వెళ్ళిపోవాలి. ఆరో రోజు వచ్చి తీసుకెళ్ళాలి. నియమం అదే. ఆ గేటు దగ్గర పెద్దమ్మ ఉండేది.

ఆమెను ఆయాగా పెట్టుకున్నారని టీచరమ్మ అనేది. కానీ ఆమె చేసే పని ఆయా పని కాదు. అనుమానించడం. పొద్దున వచ్చే పాలు మూత తీసి వాసన చూసేది. పప్పులో గరిటె తిప్పి, వంటమనిషి ముఖంలోకి చూసి, ఆయన తిన్నాకే పిల్లలకు వడ్డించనిచ్చేది. సాయానికి వచ్చిన కాలేజీ పిల్లల్ని వరసగా నిలబెట్టి చేతులు చాపించేది. ఎవరి చేతుల్లోనైనా సిగరెట్ వాసన వస్తే ఆ రోజుకు వాళ్ళకు నీళ్ళు మోసే పనే. టైరు ఊయల్లో పిల్లలకంటే ముందు తనే కూర్చునేది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ముఖంలో ఏ సరదా లేకుండా పదిసార్లు ఊగి, దిగి, తాడు కేసి చూసి, "నాకైతే నమ్మకం కుదుర్తలేదు," అని ఇంకో ముడి వేయించేది.

ఆ మాట ఆమె రోజుకు ఎన్నిసార్లు అనేదో. మబ్బు పట్టదని ఎవరైనా అంటే అనేది. మందులు సరిపోతాయని డాక్టరు అంటే అనేది. ఒకసారి ఎవరో పెద్దమనిషి బత్తాయిలు తెచ్చి పిల్లల మధ్య ఫోటో దిగబోతుంటే, గేటు దగ్గరే ఆపి, "ముందుగాల నువ్వొకటి తిను," అందట. ఆయన నవ్వుతూ వలుచుకుని తిన్నాడట. "ఇగ ఫోటో ఎందుకు? తీసి ఎవలకు సూపెడ్తవ్?" అని అడిగిందట. ఆయన నవ్వు ఆపేసి వెళ్ళిపోయాడట. బత్తాయిలు మాత్రం ఆమె వెనక్కి ఇవ్వలేదు.

పెద్దవాళ్ళ మాట ఒక్కటీ నమ్మని ఆ మనిషి పిల్లల మాట మాత్రం నమ్మేది. మాట సరిగా రాని పిల్ల ఏదో చెప్పబోతే పక్కన చతికిలబడి, నోటి దగ్గర చెవి పెట్టేది. అర్థం కాకపోతే, "మల్ల సెప్పు బిడ్డా," అనేది. మళ్ళీ, మళ్ళీ. అర్థమయ్యేదాకా లేచేది కాదు.

మనిషిని ఆమె కాళ్ళ దగ్గర మొదలుపెట్టి చూసేది. చెప్పులు, చీర అంచు, చేతులు, ఆఖర్న ముఖం. తొంభైల నడుమ ఒక డిసెంబర్లో, తొమ్మిదేళ్ళ రమ్యను తీసుకుని మొదటిసారి ఆ గేటు దగ్గర దిగినప్పుడు నన్నూ అలాగే చూసింది. రమ్యను చక్రాల కుర్చీలో తన దగ్గర ఉంచుకుని, నన్ను ఫారం నింపడానికి టీచరమ్మ గుడారంలోకి పంపింది. అరగంటకు నేను బయటికి వచ్చేసరికి మా సంచి జిప్పు తీసి ఉంది. బట్టలన్నీ చాప మీద పరిచి ఉన్నాయి.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

"క్యాంపు ఆరు దినాలే గదమ్మా?"

"అవును."

"గీ సల్లకాలంల చేతుల్లేని గౌన్లెందుకు?"

"పొరపాటున వచ్చి ఉంటాయి."

"ఎనిమిది గౌన్లు పొరపాటున వస్తయా?" అని, అడుగు నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో రమ్య పుట్టిన సర్టిఫికెట్టు, పుట్టినప్పటి నుంచి ఉన్న ఆసుపత్రి కాగితాలు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు. "గీ కాయితాలేంది?"

"అవసరం వస్తాయేమోనని. మీరెవరు నా సంచి తెరవడానికి?"

ఆమె కవరు చాప మీద పెట్టింది. మా ఇల్లెక్కడో అడిగింది. మేడ్చల్ రోడ్డు మీద కొత్త కాలనీ పేరు, ఇంటి గుర్తు చెప్పాను. నేను వెళ్ళబోతుంటే మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ చెప్పాను. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నట్టు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "నాకైతే నమ్మకం కుదుర్తలేదు," అంది.

ఒళ్ళు మండిపోయింది. చదువు లేని మనిషి, ఎవరో ఆయా, నన్ను దొంగలా నిలదీస్తుందా అనుకున్నాను. కానీ ఆమె అనుమానం నిజం.

మాది తెనాలి వైపు. మా ఆయన బ్యాంకు ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాం. ఆ ఏడు ఆయనకు నిజామాబాద్ బదిలీ అయింది. రమ్య తర్వాత తొమ్మిదేళ్ళకు పుట్టిన బాబుకు ఎనిమిది నెలలు. రమ్యను ఎత్తి దించి ఎత్తి దించి నా నడుం పడిపోయింది. కోస్తాలో ఒక ఊళ్ళో ఇలాంటి పిల్లల కోసం హాస్టల్ ఉందని ఎవరో చెప్పారు. మా ఆయన వెళ్ళి చూసి వచ్చారు. క్యాంపులో మేం లేకుండా ఆరు రోజులు ఉండగలిగితే, ఆరో రోజు అటు నుంచి అటే కారులో ఆ హాస్టల్‌కు తీసుకెళ్ళాలి. ఒకసారి ఇంటికి తెస్తే మళ్ళీ పంపలేనని నేనే అన్నాను. ఆ సంచి ఇంట్లో కనపడుతుంటే మనసు మారుతుందని ముందే సర్ది క్యాంపుకు తెచ్చిందీ నేనే. ఆ హాస్టల్ చెడ్డదని నేను అనను. కానీ మేం ఆ సంగతి మా అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోలేని పని అని మాకు తెలుసు.

ఇంటికి వచ్చాక రెండు రోజులు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మా అమ్మ బాబును చూసుకుంటోంది. నాకు పని లేదు. పని లేకపోయేసరికి ఆ గేటు దగ్గరి మనిషే కళ్ళ ముందు తిరగడం మొదలుపెట్టింది. సంచులు ఎందుకు వెతుకుతుంది? పిల్లల్ని ఏం చేస్తుంది? తల్లిదండ్రుల్ని లోపలికి ఎందుకు రానివ్వరు? వదిలిపెట్టి వచ్చినప్పుడు ఒక్క ప్రశ్నా అడగని నాకు మూడో రోజు పొద్దున వంద ప్రశ్నలు పుట్టాయి. ఆమె తప్పు ఒక్కటి పట్టుకుంటే నా తప్పు చిన్నదవుతుందన్న ఆశ కూడా ఉండి ఉంటుంది. మేడ్చల్‌లో బస్సు మారి, మట్టిదారిలో నడిచి, గేటు దగ్గరికి పోకుండా పక్కనున్న ద్రాక్షతోటలోకి దూరాను. పందిళ్ళ కింద వంగి నడిచి, ముళ్ళకంచె దగ్గర కూర్చుని చూశాను.

తోట అంచున బోరు నీళ్ళు పారే చిన్న కాలువ. అందులో నలుగురైదుగురు పిల్లలు కేరింతలు కొడుతున్నారు. వాళ్ళకు కొంచెం దూరంలో, నేల మీద బోర్లా, మట్టి కొట్టుకుపోయి, మా రమ్య. మోచేతుల మీద ఒళ్ళు ఈడ్చుకుంటోంది. జానెడు జరిగి ఆగుతోంది. రొప్పుతోంది. దాని చక్రాల కుర్చీ ఎక్కడో చెట్టు కింద ఉంది. పెద్దమ్మ పక్కనే గట్టు మీద చేతులు కట్టుకుని కూర్చుని చూస్తోంది. ఒక కాలేజీ అమ్మాయి రమ్యను ఎత్తబోతే, "ముట్టకు," అంది. నాకు స్పష్టంగా వినపడింది.

అదీ నేను వెతుక్కుంటూ వచ్చిన దృశ్యం. పట్టుకున్నాను అనుకున్నాను. కంచె దాటేటప్పుడు చీర చిరిగింది, మోకాలు గీరుకుపోయింది. పరుగెత్తి రమ్యను రెండు చేతులా ఎత్తేశాను.

రమ్య అరిచింది. ఏడుపు కాదు, కోపం. మొండిగా బిగుసుకుపోయే ఆ చేతులతోనే నా ముఖం మీద కొట్టింది. కాలువ వైపు చూపిస్తూ ఏదో అంటోంది. నాకు అర్థం కాలేదు. తొమ్మిదేళ్ళు పెంచిన నాకు అర్థం కాలేదు.

"దించు," అంది పెద్దమ్మ, లేవకుండానే. "పొద్దుగాల సంది పోతాంది. ఇంక రెండు మూరలే ఉండె. ఎవ్వలు ఎత్తద్దని నాతోని మాట తీస్కున్నది."

దించాను. రమ్య నా వైపు చూడలేదు. మళ్ళీ మోచేతుల మీద బయల్దేరింది. ఆ రెండు మూరలకు ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. చేతులు నీళ్ళలో పడ్డాక అది నవ్విన నవ్వు నేను అంతకు ముందు వినలేదు.

పెద్దమ్మ అప్పుడు నా వైపు తిరిగింది. కాళ్ళ నుంచి మొదలుపెట్టి చూసింది. మట్టి చెప్పులు, చిరిగిన అంచు, నెత్తురు కారుతున్న మోకాలు.

"మొన్న ఇడిసిపెట్టి పోయేటప్పుడు ఒక్క ముచ్చటన్న అడగకపోతివి," అంది. "ఏం తింటది, ఏడ పండుకుంటది, ఏడిస్తె ఎవలు సూస్తరు, ఏమడగలే. నన్ను తిట్టి పోయే తల్లులను సూసిన. గేటు కాడ గంట నిలబడి వంటోన్ని పరేషాన్ జేసేటోళ్ళను సూసిన. గాళ్ళతోని నాకు భయం లేదు. అడగనోళ్ళంటెనే భయం."

నేను తల దించుకున్నాను.

"ఇయ్యాల కంచెలకెళ్ళి దొంగలెక్క సూసినవ్. గిది నయం."

ఆ సాయంత్రమే మేడ్చల్‌లో టెలిఫోన్ బూత్ నుంచి మా ఆయనకు ఫోన్ చేసి, హాస్టల్ వద్దన్నాను. కారణం అడిగారు. చెప్పలేకపోయాను. "నీ ఇష్టం, తర్వాత నన్ను అనొద్దు," అని పెట్టేశారు. చాలా రోజులు మా ఇద్దరికీ మాటలు సరిగా లేవు.

ఆరో రోజు అద్దె కారులో ఒక్కదాన్నే వెళ్ళాను. తల్లిదండ్రులందరూ పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళిపోతున్నారు. పెద్దమ్మ మా సంచిని తెచ్చి డిక్కీలో పెట్టి, "ఏడికి తీస్కపోతున్నవ్?" అని అడిగింది.

"ఇంటికి."

"నాకైతే నమ్మకం కుదుర్తలేదు," అని, ముందు తలుపు తీసుకుని డ్రైవర్ పక్కన కూర్చుంది.

టీచరమ్మ వచ్చి ఎంత చెప్పినా దిగలేదు. మేడ్చల్ రోడ్డు మీద ప్రతి మలుపు దగ్గరా డ్రైవర్ చేతుల వైపు చూస్తూ కూర్చుంది. మా కాలనీలో దిగి, వాకిట్లో చెప్పులు విడిచి, ఎవరూ రమ్మనకుండానే లోపలికి నడిచింది. హాల్లో రమ్య మంచం మీద పరుపు నొక్కి చూసింది. వంటింట్లోకి తొంగి చూసింది. బాబును ఎత్తుకుని కూర్చున్న మా అమ్మ ముందు నిలబడి, "ఈ పిల్ల ఈడనే ఉంటదా?" అని అడిగింది. సంగతంతా తెలిసిన మా అమ్మ ముఖం పాలిపోయింది. నా వైపు చూసింది. నేను తల ఊపాకే, "ఇక్కడే ఉంటుంది," అంది. పెద్దమ్మ ఆ చూపునూ, ఆ తల ఊపునూ రెండూ చూసింది.

టీ ఇస్తానన్నాను. వద్దంది. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు. పెద్దమ్మ చెప్పులేసుకుని వీధి చివరకు నడిచి, బస్సు కోసం నిలబడింది. ఎవరావిడ అని ఎదురింటావిడ అడిగితే పనిమనిషి కోసం చూస్తున్నామని అబద్ధం చెప్పాను. ఆ రోజు ఆమెను ఎంత అసహ్యించుకున్నానో నాకే తెలుసు. ఒక మనిషి నిజం పట్టుకున్నదని ఇంత ద్వేషం పుడుతుందని అప్పటిదాకా తెలియదు.

తర్వాత ప్రతి డిసెంబర్లో రమ్య ఆ క్యాంపుకు వెళ్ళింది. వద్దంటే అన్నం మానేసేది. ప్రతి ఏడూ పెద్దమ్మ మా సంచి తెరిచేది. ప్రతి ఏడూ మా ఇల్లెక్కడో రెండుసార్లు అడిగేది. నేను ప్రశ్నలు అడగడం నేర్చుకున్నాను. పాలు ఎక్కడివి, దుప్పట్లు ఎండలో వేశారా, డాక్టరు ఏ పూట వస్తాడు. ఆమె ఓపిగ్గా జవాబులు చెప్పేది. స్నేహం మాత్రం కుదరలేదు. ఆమె చూపు నా చెప్పుల దగ్గర మొదలవగానే నేను కాళ్ళు చీర అంచు కిందికి లాక్కునేదాన్ని. రమ్య వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు వేయడం, ఆలస్యంగానైనా పదో తరగతి, ఇంటరు పాసవడం, ఇంట్లో కంప్యూటర్ మీద టైపు పని చేయడం, అన్నీ ఆ ఏళ్ళలోనే జరిగాయి. పద్దెనిమిది దాటినా, ఇంటరు అయిన ఏడు దాకా టీచరమ్మ రమ్యను చిన్నపిల్లలకు తోడుగా పిలిచేది. తర్వాత ఆ మామిడితోట ప్లాట్లయిపోయింది. క్యాంపు ఆగిపోయింది.

అత్వెల్లిలో ఆమె ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. టీచరమ్మ, క్యాంపుకు వచ్చిన పిల్లలు కొందరు అప్పటికే ఉన్నారు, పిల్లలంటే ఇప్పుడు పెద్దవాళ్ళు. ప్రార్థన అయిపోయి, సమాధి దగ్గర నుంచి అందరం తిరిగి వచ్చాక ఆమె తమ్ముడి కోడలు మాకు మంచినీళ్ళు ఇచ్చింది.

"బీపీ గోళీలు రాసిచ్చిండ్రు మేడమ్," అంది ఆ అమ్మాయి. "రోజు మింగిన అనే సెప్పేది. పొద్దున పరుపు ఎత్తితె కింద అన్నీ గట్లనే ఉన్నయ్. ఒక్కటి మింగలే. డాక్టరు మీద నమ్మకం కుదుర్తలేదని మా మామతోని అన్నదంట."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. రమ్య ఏడ్చింది. పిల్లల తాళ్ళకు ఇంకో ముడి వేయించిన ఆ అనుమానమే ఆమెను తీసుకుపోయింది. మందు మింగమని గట్టిగా చెప్పేవాళ్ళు ఉండి ఉండవచ్చు. ఆమె నమ్మే మాట చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు.

తిరుగు ప్రయాణంలో ఆటో మాట్లాడుకున్నాం. మడిచిన వాకర్ మా కాళ్ళ దగ్గర ఉంది. అప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"రమ్యా, మొదటి ఏడు క్యాంపు అయ్యాక నిన్ను ఇంటికి తేకూడదనుకున్నాం. హాస్టల్‌లో పెడదామనుకున్నాం."

"తెలుసు," అంది.

"పెద్దమ్మ చెప్పిందా?"

రమ్య మాటకూ మాటకూ మధ్య చాలా సమయం పడుతుంది. ఆటో చప్పుడులో చెవి దాని నోటి దగ్గర పెట్టి విన్నాను. "కాదు. నేనే పెద్దమ్మకి చెప్పా."

మా మాటలన్నీ హాల్లో మంచం మీంచి వినేదట. దానికి ఏం అర్థమవుతుందిలే అని మేం దాని ముందే మాట్లాడుకున్నాం. ఆ రోజు నేను ఫారం నింపుతున్న అరగంటలో, "మా అమ్మ నన్ను మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళదు," అని పెద్దమ్మకు చెప్పిందట. పెద్దమ్మ నాలుగుసార్లు చెప్పించుకుందట. ఆ తర్వాతే మా సంచి జిప్పు తీసింది.

"మీ పిల్లే చెప్పింది," అని నాతో ఒక్క మాట అంటే సరిపోయేది. పన్నెండేళ్ళలో ఒక్కసారీ అనలేదు. నేను ఆ రోజు ఆమె వైపు ఏ కళ్ళతో చూశానో ఆ కళ్ళతో పిల్ల వైపు చూస్తానని భయపడి ఉంటుంది. గౌన్ల మీద నెపం పెట్టి, నా కోపమంతా తన మీదికి తిప్పుకుంది.

"మరి ఇన్నేళ్ళూ నన్ను అడగలేదేం?" అన్నాను.

"చూస్తూ ఉన్నా."

"ఏం చూశావు?"

"నువ్వు ఎవరితో ఏం మాట్లాడుతున్నావు, నా కాగితాలు బీరువాలోనే ఉన్నాయా. ప్రతి ఏడూ పెద్దమ్మ అడిగేది, మీయమ్మ ఎట్లుంటాందీ అని. అన్నీ చెప్పేదాన్ని."

రమ్య క్యాంపుకు వెళ్ళిన పదేళ్ళూ. నా ఇంట్లో, నా వెనకే, ఇద్దరు కలిసి నా మీద కాపలా కాశారు. ఆ పదేళ్ళలో విసుక్కున్న రోజులన్నీ, తలుపు వేసుకుని ఏడ్చిన రోజులన్నీ గబగబా గుర్తుకొచ్చాయి. అవన్నీ శామీర్‌పేట మామిడితోటలో ఒక మనిషి చెవిన పడ్డాయన్నమాట.

"ఎప్పటిదాకా?" అని అడిగాను.

"ఇంటరు దాకా. ఆఖరి క్యాంపులో పెద్దమ్మే అంది. 'ఇగ సాలు బిడ్డా, మీయమ్మ మీద నిగా తీసెయ్,' అని."

ఆటో మేడ్చల్ దాటింది.

"తీసేశావా?"

రమ్య ఆలోచించింది. అబద్ధం చెప్పడం దానికి రాదు.

"వెంటనే కాదు," అంది. "ఇంకో ఆర్నెల్లు చూసి తీసేశా."